పిచ్చుక ఎంచుకున్న బొమ్మ

పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి. తల్లి జడ సగంలో వదిలేసి వంటింట్లోకి పరుగెత్తి గిన్నె దించింది. మందుల షాపులో పనికి ఆలస్యమైతే యజమాని ఏమీ అనడు గాని, గోడ గడియారం వంక ఒకసారి చూసి ఊరుకుంటాడు. ఆ చూపు ఆమెకి తిట్టుకన్నా ఎక్కువ.

ముందు గదిలో కిటికీ పక్కన చాప మీద తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరి మధ్యా నిన్న సాయంత్రం అతను కొనుక్కొచ్చిన కొత్త బొమ్మ ఉంది. ఒక కర్రకి గుచ్చిన చెక్క రింగులు. అడుగున పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నవి, ఒక్కొక్కటీ ఒక్కో రంగు.

అతను ఒక్కో రింగూ తీసి కూతురి చేతికిచ్చి ఏ రంగో చెప్పమంటున్నాడు. పిల్ల తల కాస్త పక్కకి వాల్చి, రింగు అంచు చుట్టూ వేలు తిప్పి, ఎరుపు అంది. తర్వాతది నీలం అంది. చివరి రింగు దాకా ఒక్కటీ తప్పలేదు. అతని ముఖం వెలిగిపోయింది. వంటింటి వైపు తిరిగి, విన్నావా అని భార్యని కేకేశాడు. డాక్టర్లకి ఏం తెలుసన్నాడు. ఈ ఏడే పిల్లని మామూలు బళ్లో వేస్తానన్నాడు.

ఆమె పాలు గ్లాసులో పోస్తూ, చూపు లేని పిల్లల కేంద్రంలో టీచరమ్మ వచ్చే వారం రమ్మందని మెల్లగా చెప్పింది. అది అతనికి వినపడింది. వినపడనట్టే లేచి స్నానానికి వెళ్లిపోయాడు. గది మూల ఉతికిన బట్టలు మడతపెడుతున్న అతని తల్లి మాత్రం తలెత్తలేదు.

ఆ వీధిలో అందరూ అతన్ని రంగులాయన అంటారు. గోడలకి వేసే పెయింట్లు అమ్మే కొట్లో రంగులు కలపడం అతని పని. గోళ్ల చివర ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉంటుంది. ఒక్కగానొక్క కూతురు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ నోటికి తాళం లేకుండా కిచకిచలాడుతుంది కాబట్టి పిచ్చుక అని పేరు పెట్టుకున్నాడు. దానికి మూడేళ్లప్పుడు కొట్టుకి వెంట తీసుకెళ్లేవాడు. డబ్బా మూత తీయగానే పిల్ల ఆ రంగు పేరు అరిచి చెప్పేది. ఇంటికొచ్చేసరికి గౌను నిండా రంగులే.

కూతురికి బొమ్మ కొనాలంటే అతనికి పూట పట్టేది. తడి గుడ్డతో రుద్దితే రంగు ఊడుతుందా, అంచులు గుచ్చుకుంటాయా, చిన్న ముక్క ఏదైనా ఊడి నోట్లోకి పోతుందా అని తిప్పి తిప్పి చూసేవాడు. కొట్టువాళ్లు విసుక్కున్నా పట్టించుకునేవాడు కాదు. పిల్లకి మొదటి బడి బొమ్మేనని వాదించేవాడు.

నాలుగో ఏడు నిండబోతుండగా పిచ్చుక చీకటి పడితే తలుపులకి గుద్దుకోవడం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్న చెప్పుల కోసం నేలంతా తడిమేది. కంటి వెనక పొర ఎండిపోతోందని, దానికి మందు లేదని, వెలుగునీడల తేడా మాత్రం మిగలొచ్చని డాక్టరు చెప్పాడు. రంగులాయన ఇంకో డాక్టరు దగ్గరికి, ఆ తర్వాత ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్లాడు. అందరూ ఒకే మాట అన్నాక అసలు వెళ్లడం మానేశాడు. అప్పటినుంచి ఇంట్లోకి రంగురంగుల బొమ్మలు వచ్చి పడుతూనే ఉన్నాయి.

కేంద్రంలోని టీచరమ్మ వేరే మాట చెప్పింది. గరుకువీ నున్ననివీ, బరువువీ తేలికవీ, చప్పుడు చేసేవీ, తెరిచి మూసేవీ, ఇలా చేతులకీ చెవులకీ పని చెప్పే బొమ్మలు చూసి కొనమంది. అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లకి పరీక్షలు పెట్టొద్దంది. తల్లి ఆ మాట పట్టుకుని, లోపల గింజలు గలగలలాడే బంతీ, గొళ్లేలూ తలుపులూ బిగించిన చెక్క పలకా కొనుక్కొచ్చింది. రంగులాయన వాటిని చూసి అరవలేదు. సంచిలో పెట్టి అటక మీదికి ఎక్కించాడు. గుడ్డి పిల్లల బొమ్మలు నా కూతురికెందుకు అన్నాడు, అంతే. ఆ మాట ఆ రోజు నుంచి మొగుడూ పెళ్లాల మధ్య గోడలా నిలబడిపోయింది. కుర్చీ వేసుకుంటే అటక ఆమెకీ అందుతుంది. కానీ ఆ సంచి దించితే ఆ మాట తన నోటితో ఒప్పుకున్నట్టవుతుందని దించలేకపోయింది.

పిల్ల రంగులు సరిగ్గా చెబుతుంటే ఆమెకి ఆశ పుట్టేది, ఆ వెంటనే అనుమానం వచ్చేది. ఎలా చెబుతోందని అడగడానికి మాత్రం ధైర్యం చాలేది కాదు.

ఎలా చెబుతోందో ఆ ఇంట్లో నాన్నమ్మ ఒక్కదానికే తెలుసు. ఒక మధ్యాహ్నం పిచ్చుక కొత్త బొమ్మ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, అన్నిటికన్నా పెద్దది ఏ రంగు, దాని తర్వాతది ఏ రంగు అని వరసగా అడిగింది. ఆవిడ చెప్పింది. సాయంత్రం తండ్రి అడిగితే పిల్ల అదే వరసలో అప్పజెప్పింది. ఆ పూట కొడుకు నవ్వుతూ, మారు వడ్డించుకుని తిన్నాడు. ఇందులో తప్పేముందిలే అనుకుంది ఆవిడ. తర్వాత కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా తండ్రి అటు వెళ్లగానే పిల్ల నాన్నమ్మ దగ్గర చేరేది.

ఆదివారం రంగులాయన అక్క వచ్చింది. ఆవిడ ఒక బళ్లో పంతులమ్మ. పిచ్చుకని తన బళ్లోనే చేర్పించాలని తమ్ముడు చాలా రోజులుగా అడుగుతున్నాడు. పిల్ల కళ్ల సంగతి మరదలి ద్వారా ఆవిడకి తెలుసు. అందుకే అవునని గాని, కాదని గాని అనకుండా నెట్టుకొస్తోంది. ఆ రోజు అతనికి పట్టుదల వచ్చింది. నీ కళ్లతో నువ్వే చూడమని, అప్పుడే బజారు నుంచి తెచ్చిన సంచి విప్పి చాప మీద కుమ్మరించాడు. గళ్లుగళ్లుగా ఒకదాంట్లో ఒకటి బిగించి ఇల్లు కట్టుకునే ప్లాస్టిక్ దిమ్మెలు. అన్నీ ఒకే కొలత, ఒకే నునుపు.

నాన్నమ్మ చేతిలోని చొక్కా మడత సగంలో ఆగిపోయింది.

పిచ్చుక ఒక దిమ్మె తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. ఇంకోటి తీసి దాని పక్కన పెట్టి రెండిటి అంచులూ తడిమింది. అత్త వింటోంది, చెప్పమ్మా అన్నాడు తండ్రి. పిల్ల ఎరుపు అంది. చేతిలో ఉన్నది ఆకుపచ్చది. ఆటపట్టిస్తోందనుకుని అతను నవ్వి ఇంకోటి ఇచ్చాడు. ఈసారి నీలం అని అడుగుతున్నట్టు అంది. అది పసుపుపచ్చది. మూడోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, చెంపకి ఆనించుకుంది. తర్వాత నాన్నమ్మ కూర్చున్న మూలకి ముఖం తిప్పింది.

"నాన్నమ్మా, ఇవి నువ్వు నాకు చెప్పలేదుగా."

ఏం చెప్పలేదమ్మా అని తండ్రి అడిగాడు. అడుగుతున్నప్పుడే అతని గొంతు మారిపోయింది. దాంతో పిల్ల బెదిరింది.

"అన్నీ ఒకేలా ఉన్నాయి నాన్నా. పెద్దా చిన్నా లేవు. నాన్నమ్మ ముందే చెబితే గుర్తుపెట్టుకునేదాన్ని. ఇంకొక్కసారి అడుగు నాన్నా, ఈసారి సరిగ్గా చెప్తా."

అతను తల్లి వైపు తిరిగాడు. నా కూతురికి అబద్ధం నేర్పావా అన్నాడు. ఆవిడ చొక్కా పక్కన పెట్టింది.

"నేను నేర్పలేదురా. నువ్వు నవ్వుతావని అదే నేర్చుకుంది. నువ్వు పిలిచినప్పుడల్లా దాని చేతులు ఎంత చల్లబడిపోతాయో నీకు తెలుసా? నా చేతుల్లో పెట్టుకుని వెచ్చచేసి నీ దగ్గరికి పంపేదాన్ని."

అతను భార్య వంక చూశాడు. నీకూ తెలుసన్నమాట అన్నాడు. అందరూ కలిసి తనని వెర్రివాణ్ణి చేశారన్నాడు. పిల్లకి చూపు లేదని ఒప్పుకోవడానికి అంత తొందరపడ్డావేమని కూడా అన్నాడు. తల్లి అన్న మాటకి భార్యని ఎందుకు నిలదీస్తున్నాడో అతనికే తెలియదు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. పెళ్లయినప్పటినుంచీ అతని ముందు గొంతు పెంచని మనిషి, అప్పుడూ పెంచలేదు.

"నాకు తెలియదండీ. తెలుసుకోవాలంటే భయమేసింది. డాక్టరు చెప్పిన రోజు నుంచి నేను ఒక్కసారి కూడా ఏడవలేదు, అది గమనించారా? కనిపిస్తోంది, కనిపిస్తోంది అని మీరంటుంటే, నేను ఏడిస్తే దాని కళ్లు నేనే ఆర్పేసినట్టవుతుందేమో అనుకున్నాను. ఈ ఇంట్లో నాకు ఏడవడానికి చోటు లేకుండా చేశారు."

అతను పెరట్లోకి వెళ్లిపోయాడు. అక్క కిందికి వంగి దిమ్మెలన్నీ ఏరి సంచిలో వేసింది. పిచ్చుక చేతిలో ఉన్న ఒక్కటీ తీసుకోబోతే పిల్ల వదల్లేదు. నాన్న మళ్లీ అడుగుతాడంది.

పెరట్లో బట్టలు ఉతికే బండ మీద రంగులాయన తల దించుకుని కూర్చున్నాడు. కొంతసేపటికి భార్య వచ్చి పక్కన కూర్చుంది. అతను తన గోళ్లకి అంటిన రంగుని ఇంకో గోటితో గీకుతున్నాడు. నాకు చేతనైంది ఇదొక్కటే అన్నాడు. ఇది కూడా దానికి చేరదంటే తండ్రినై ఉండి దానికి ఇవ్వడానికి నా దగ్గర ఇంకేముంది అన్నాడు.

"అది మిమ్మల్ని రంగులు ఎప్పుడు అడిగింది? మీరు బాధపడకుండా ఉంటే చాలనుకుంది. దాన్ని మనం చూసుకోవాల్సింది పోయి, ఇన్నాళ్లూ అదే మిమ్మల్ని చూసుకుంది," అంది ఆమె.

అంతవరకూ బిగపట్టుకున్న మనిషి ఒక్కసారిగా కూలిపోయాడు. ఆమె అతని భుజం మీద తల పెట్టి, డాక్టరు గది బయట ఏడవాల్సిన ఏడుపు అప్పుడు ఏడ్చింది. ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకోలేదు. అలా కలిసి ఏడవడానికి వాళ్లకి అన్ని నెలలు పట్టింది. వంటింటి కిటికీలోంచి నాన్నమ్మ వాళ్లని చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుని పక్కకి తప్పుకుంది.

అతను లోపలికి వెళ్లేసరికి పిచ్చుక దిమ్మెని ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. అతను దాని ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నువ్వు తప్పేమీ చెప్పలేదు తల్లీ. నాన్నే తప్పు ప్రశ్న అడిగాడు. ఇంక అడగడు."

పిల్ల చెయ్యి చాపి అతని ముఖం తడిమింది. తడి తగిలింది. నీకు బాధగా ఉందా అని అడిగింది. లేదనబోయి ఆగిపోయాడు. ఉందమ్మా, చాలా ఉంది, కానీ నీ వల్ల కాదు అని ఉన్నమాటే చెప్పాడు. నాకూ అప్పుడప్పుడూ ఉంటుంది, నీకు చెప్పలేదంతే అంది పిచ్చుక. ఇంకెప్పుడైనా ఉంటే చెప్పమని, తనూ చెబుతానని ఆ పసిదానితో ఒప్పందం చేసుకున్నాడు.

వారం తిరిగేలోపు ముగ్గురూ కేంద్రానికి వెళ్లారు. అతను టీచరమ్మ ముందు ఒద్దికగా కూర్చుని ఆవిడ చెప్పినవన్నీ విన్నాడు. తిరిగొస్తుంటే దారిలో బొమ్మల కొట్టు కనిపించింది. అతను ఎన్నోసార్లు వచ్చిన కొట్టే. కూతుర్ని మాత్రం ఎప్పుడూ వెంట తేలేదు. ఇన్నాళ్లూ ఏ బొమ్మ బావుందో తనే తేల్చేశాడు.

కొట్టతను అలవాటు ప్రకారం మెరిసే లైట్ల బొమ్మలు ముందు పెట్టాడు. అతను వాటిని పక్కకి జరిపి, కింది అరల ముందు పిల్లని వదిలి వెనక్కి జరిగాడు. పిచ్చుక మొదట జంకింది. తర్వాత రెండు చేతులూ చాచింది. ఒక గుర్రాన్ని తట్టి చూసి వదిలేసింది. ఒక బొమ్మ జుట్టుని వేళ్లతో దువ్వి, గరుగ్గా ఉందని ముఖం చిట్లించింది. అతను నాలుగైదుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. ప్రతిసారీ భార్య అతని చెయ్యి నొక్కింది.

చివరికి పిల్ల చేతికి ఒక చిన్న తక్కెడ తగిలింది. ఒక పళ్లెంలో చెయ్యి పెడితే అది కిందికి దిగింది. రెండోది లేచి మోచేతికి టక్కున కొట్టుకుంది. పిచ్చుక కిలకిలా నవ్వింది. చాలా కాలంగా ఇంట్లో వినపడని నవ్వు అది. ఆ తక్కెడ ఇంకాస్త పెద్దపిల్లలు ఆడుకునేదని, చిన్నవాళ్లు బొమ్మల్నే ఇష్టపడతారని కొట్టతను చెప్పబోయాడు. మా అమ్మాయికి అదే కావాలన్నాడు రంగులాయన.

బయటికొచ్చాక పిల్ల, ఇది ఏ రంగు నాన్నా అని అడిగింది. అతను తడబడ్డాడు. పసుపుపచ్చ అని చెప్పాడు. పిచ్చుక సరే అని, గొలుసులు గలగలమనిపిస్తూ నడిచింది. తన బతుకంతా ఏ రంగు మీద నిలబడిందో, ఆ రంగు దానికి ఒక సరే పాటిది. అది అతనికి నొప్పిగానూ ఉంది, బరువు దిగినట్టూ ఉంది.

మర్నాడు సాయంత్రం ముందు గదిలో పిచ్చుక కొట్టు తెరిచింది. గరిటెలూ, సబ్బు ముక్కా, నాన్నమ్మ కళ్లజోడూ తూకానికి వచ్చాయి. ఏది బరువో ముందే చెప్పి, తూచి చూసుకుని, తనని తనే మెచ్చుకుంటోంది. రంగులాయన పని నుంచి వచ్చి చెప్పులు విప్పగానే, ఆ చప్పుడుకి తలెత్తి, మీకేం కావాలండీ అని అడిగింది.

కొనడానికేమీ లేదని, కాసేపు కూర్చుని వెళతానని అతను అన్నాడు. తక్కెడ ముట్టుకోకుండా కూర్చోమంది పిచ్చుక. మాట అతనితోనే గాని, చూపు అతనికి పక్కగా ఎక్కడో గోడ మీద ఉంది. ఇదివరకైతే అతను గడ్డం పట్టుకుని పిల్ల ముఖాన్ని తన వైపు తిప్పుకునేవాడు. ఇప్పుడు తనే జరిగి, ఆ చూపు ఉన్న చోటికి వెళ్లి కూర్చున్నాడు.