అక్క అని రాసినందుకు

రెండువేల తొంభై నాలుగులో విశాఖ తీరపు ట్రాముల్లో కాలు తొక్కించుకోకుండా ప్రయాణం చేసినవాళ్లు లేరు. తొక్కినవాడు క్షమించమని అడగడు. ముఖంలో ముఖం పెట్టి పేరు చెప్తాడు. ఆ ఉదయం హైమవతి కాలు తొక్కిన నడివయసు మనిషి కూడా, "గండ్రేటి చలమయ్య. గుర్తుంచుకోండి," అనేసి పక్క సీటు వాళ్ల కాళ్లు వెతుక్కుంటూ పోయాడు. ఆవిడ మణికట్టు మీద కడియంలో ఆకుపచ్చ దీపం ఒకసారి వెలిగి ఆరింది. చలమయ్యకి ఒక తలపు చేరింది. వెధవ, అనుకుంది హైమవతి. దీపం ఇంకోసారి వెలిగింది.

ఇదంతా గణ్యతామాపకం పుణ్యం. పూర్వం సర్వకోశంలో, అంటే లోకమంతా చదివే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో, ఎవరికి పేజీ ఇవ్వాలో సంపాదకులు పోట్లాడుకుని తేల్చేవారు. తమవాళ్లకే ఇచ్చుకుంటున్నారని గోల పుట్టాక డాక్టర్ విరూపాక్షం ఈ నోటబిలిటీ మీటరు కనిపెట్టాడు. ప్రతి మనిషి చేతికీ ఒక తలపుకడియం తొడిగారు. అందులో న్యూరల్ సెన్సర్ ఉంటుంది. మనం ఎవరినైనా తలుచుకుంటే అది పసిగడుతుంది. తలుచుకున్నది పరాయివాళ్లనైతే ఆకుపచ్చ దీపం. ఆ తలపు లెక్కకి వస్తుంది. పత్రాల్లో బంధువులని రాసి ఉన్నవాళ్లనైతే తెల్లదీపం. అది రాదు. సొంతవాళ్ల మాట సాక్ష్యం కాదన్నది కోశం పాత నియమమే.

ఏడాదిలో లక్ష పరాయి తలపులు వచ్చినవాడు గణ్యుడు, వాడికి పేజీ. రానివాడు చచ్చిపోతే, ఏడాది తిరిగేసరికి వాడి ఫోటోలు, ఉత్తరాలు, గొంతు, అన్నీ తుడిచేస్తారు. ఎవరైనా నకలు దాచుకున్నా వెతికి మరీ తుడుస్తారు. సర్వర్లలో జాగా చాలదట. ఆ పనికి సాంవత్సరిక శుద్ధి అని పేరు కూడా పెట్టారు. పెట్టినవాళ్లకి తల్లీ తండ్రీ పోయి ఉండరు కాబోలు.

మర్నాటికి హైమవతి అక్క తాయారు పోయి ఏడాది.

తాయారు చంద్రరేవులో గేటు దగ్గర టికెట్లు చూసే మనిషి. అక్కణ్ణుంచి చంద్రుడి మీది గనులకి పనివాళ్లని తీసుకెళ్లే ఓడలు లేస్తాయి. వెళ్లినవాళ్లు తిరిగి రారు. అక్కడ నాలుగేళ్లుంటే ఎముకలు ఇక భూమి బరువుకి ఆగవు. ఎక్కేముందు పెద్ద అద్దం గోడ అవతల నిలబడి సాగనంపడానికి రక్తబంధువులకే అనుమతి. ఎవరూ లేనివాళ్లు ఆ అద్దం వంక చూడకుండా తలొంచుకుని నడిచిపోయేవారు. తాయారు అది చూడలేకపోయింది. అలాంటివాళ్ల పత్రంలో బంధుత్వం అన్న గడిలో అక్క అని రాసి, కింద తన సంతకం పెట్టి, అద్దం దగ్గరికి వెళ్లి నిలబడేది. మైకులో, "చేరగానే కబురు పెట్టు. నేనిక్కడే ఉంటాను," అని చెప్పి, ఓడ తలుపు మూసేదాకా చెయ్యి ఊపేది. ముప్పయ్యేళ్లలో ఏడువేల పైచిలుకు మందిని అలా పంపింది.

వాళ్లు ఆవిడను మరిచిపోతారా? అక్కకి పేజీ రాకపోవడమేమిటి, అన్న ధీమాతోనే పదకొండు నెలల కిందట హైమవతి కోశం కార్యాలయానికి వెళ్లింది. మీటరు సున్నా చూపించింది.

"మీ అక్కగారికి తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఏడువేల ఇరవై ముగ్గురు," అన్నాడు అర్జీలు చూసే విరూపాక్షం, తెర మీద పత్రాలు దొర్లిస్తూ. "ఇంత పెద్ద కుటుంబం నేనెక్కడా చూడలేదమ్మా. అందరూ బంధువులే. ఒక్క తలపూ చెల్లదు."

"ఆళ్లు తోబుట్టువులు కారు బాబూ. ఎవులూ లేనోళ్లు. అద్దం కాడికి రానివ్వరని, అక్క అని రాసింది."

"అంటే దొంగ సంతకాలు పెట్టారన్నమాట."

గదిలో ఉన్న నలుగురు సభ్యులూ ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు విరూపాక్షానికి ఊపిచ్చింది.

"అయినా అంత ఘనకార్యం ఏం చేశారని? చెయ్యి ఉన్నవాళ్లందరూ ఊపుతారు."

ఆ ముక్క హైమవతి గుండెలో ముల్లులా దిగింది. ఆవిడ నలభై ఏళ్లు అదే రేవులో గగనయాత్రికుల చేతితొడుగులు కుట్టింది. ఒక్క కుట్టు వంకరపోయినా విప్పి మళ్లీ కుట్టే మనిషి. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబునీ అలాగే విప్పి కుట్టడం మొదలుపెట్టింది. గిన్నెలు తోముతూ ఒక జవాబు, జడ వేసుకుంటూ ఇంకోటి. పందొమ్మిది అర్జీలు రాసింది. పందొమ్మిదీ తిరిగొచ్చాయి. ఒక్కటే ఊరట. మీటరు కనిపెట్టిన విరూపాక్షానికే పేజీ లేదు. కిందటేడు మూడువందల తలపులు కూడా రాని మనిషని ఊరంతా నవ్వుకుంది. హైమవతి రోజూ నవ్వుకునేది.

ఈసారి ట్రాము దిగి వెళ్లేసరికి కార్యాలయంలో మనుషులెవరూ లేరు. కోశవాణి అనే యంత్రం ఒక్కటే పలికింది. తాయారు ఫలితంలో మార్పు లేదనీ, రేపు ఉదయం శుద్ధి అనీ చెప్పింది. సభ్యులందరూ పైఅంతస్తులో సన్మానంలో ఉన్నారట. విరూపాక్షం గారికి ఇవాళే పేజీ వచ్చిందట.

హైమవతికి ఒళ్లు మండింది. "ఆ మనిషిని తలుచుకునే దిక్కుమాలినోళ్లెవరు?"

"ఆయన తిరస్కరించిన అర్జీదారులు. అందరికంటే ఎక్కువగా తలుచుకున్నది మీరు. పదకొండు నెలల్లో ముప్పై ఒక్కవేల నాలుగువందల సార్లు."

హైమవతి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "మరి మా అక్కనో?" అంది.

"బంధువుల తలపులు లెక్కకి రావు."

"రాకపోతే పోనీ. చెప్పు."

"రెండువేల ఆరువందలు. వాటిలో చాలావరకు విరూపాక్షం గారు గుర్తొచ్చిన వెంటనే వచ్చినవి."

పైనుంచి చప్పట్లు వినిపించాయి. హైమవతి కుర్చీలోంచి లేచింది. అక్క గొంతు ఒక్కసారి వినిపించమంది. నియమాల్లో అది ఉంది కాబట్టి యంత్రం వినిపించింది.

"చేరగానే కబురు పెట్టు. నేనిక్కడే ఉంటాను."

ఆవిడ కళ్లు మూసుకుంది. ఈ కాసేపైనా అక్క ఒక్కతే ఉండాలి, ఇంకెవరూ రాకూడదు అనుకుంది. అద్దం కనిపించింది. అద్దం వెనక నీలం చీర, ముడిలోంచి ఊడిన వెంట్రుకలు, పైకి లేచిన చెయ్యి. ఆ చెయ్యి నెమ్మదిగా ఊగింది. చెయ్యి ఉన్నవాళ్లందరూ ఊపుతారు.

హైమవతి కళ్లు తెరిచి మణికట్టు వంక చూసుకుంది. దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది.