హాజరు పుస్తకంలో ‘టి’

“సార్, మూడు రోజుల్నుంచీ నా పేరు కాడ టీ అని రాస్తన్నారు. టీ మాత్రం ఒక్కరోజూ రానేదు. ఎవులు తాగేత్తన్నారు?”

పలాస జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ హాలంతా ఘొల్లుమంది. హాజరు పుస్తకం పట్టుకున్న శశాంక్ చెవులు ఎర్రబడ్డాయి. అతను టెక్కలిలో ఒక గుమస్తాగారి అబ్బాయి. సూపర్‌వైజరుగా చేరి రెండు నెలలే అయింది. అడిగిన కుసుమ సముద్రపొడ్డు భావనపాడు జాలరి పిల్ల. గుండు పప్పునీ బద్దనీ వేరు చేస్తూ తలైనా ఎత్తలేదు.

“అది తాగే టీ కాదండీ. టి అంటే ట్రైనీ.”

“అంటే ఏటి?”

“పని నేర్చుకుంటున్నారని. ఈ పదిహేను రోజులూ జీతం ఉండదు. ఊరికే నేర్పిస్తున్నాం కదా.”

“మేమూ ఊరికే సేత్తన్నాం కదా సార్.”

మళ్ళీ నవ్వులు. శశాంక్ కూడా నవ్వబోయి ఆగిపోయాడు. ఆ పిల్ల మాత్రం నవ్వడం లేదు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. చూరు కింద క్యారేజీ విప్పుకున్న ఆమె దగ్గరికి ఏదో పనున్నట్టు వెళ్ళాడు.

“జీతం నేదని సేరినప్పుడు ఎవులూ సెప్పనేదు సార్. బస్సు సార్జీలకి మా యమ్మ ఎండుసేపల డబ్బులు తీసి ఇత్తంది. కూలి డబ్బులిచ్చే శనివారం దాకా సూత్తాను. ఏటీ రాకపోతే మానేసి సేపల కాడికే ఎల్లిపోతాను.”

“పని నేర్చుకునేటప్పుడు ఎక్కడైనా అంతేనండీ.”

“మా వల కాడ అంతే కాదు. తొలిరోజు తాడు పట్టినోడికీ వాటా ఉంటాది. బొబ్బలెక్కి కూకుండిపోయినా ఇత్తారు.”

సోమవారం ఆమె లేని హాలు తలుచుకుంటే శశాంక్‌కి అన్నం సహించలేదు. మూడు రోజులకే ఇదేం పిచ్చిరా అని తనను తానే తిట్టుకున్నాడు.

శనివారం హాజరు పుస్తకంతో యజమాని గోవిందరాజులుగారి ముందు నిలబడ్డాడు.

“కొత్తగా చేరిన ఐదుగురికీ మొదటి రోజు నుంచీ కూలి ఇవ్వాలండి.”

“నేర్చుకున్నందుకు కూలేటయ్యా? ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి ఇది.”

“వాళ్ళు ఏరిన పప్పు నిన్న లారీ ఎక్కిందండి. నేర్చుకునేవాళ్ళు ఏరారని తక్కువకి అమ్మామా?”

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. “నీ ప్రొబేషనే ఇంకా అవలేదు. గుర్తుందా?”

“గుర్తుందండి.” శశాంక్ పెన్ను తీసి తన పేరు పక్కనా ‘టి’ అని రాశాడు. “నేనూ మీ దగ్గర నేర్చుకుంటున్నవాణ్ణే. వాళ్ళకి లేకపోతే నాకూ వద్దు.”

గోవిందరాజులు పుస్తకం తన వైపు తిప్పుకుని ఆ అక్షరాన్ని చూశాడు.

“కొట్టీవయ్యా అది. ఐదుగురికీ కూలి కట్టు.” కళ్ళజోడు పెట్టుకుంటూ అడిగాడు. “ఇంతకీ ఆ ఐదుగురిలో ఎవులి కోసమేటి?”

“ఐదుగురి కోసమేనండి.”

“సర్లే, సర్లే” అని మీసాల్లో నవ్వుకున్నాడు.

కూలి అందుకున్న కుసుమ గేటు దగ్గర శశాంక్ కోసం ఆగింది. “రేపు మా ఊరు రండి. తాడు పడుదురు గాని.”

ఆదివారం పొద్దున్నే భావనపాడు ఒడ్డున శశాంక్ తాడు పట్టాడు. తాడే అతన్ని లాగింది. రెండుసార్లు పడ్డాడు, ఆడవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వల ఒడ్డెక్కాక కుసుమ తండ్రి దాలయ్య అందరికీ చేపలు పంచుతూ అతని ముందూ ఒక పోగు పెట్టాడు.

“నేను సరిగ్గా లాగనేలేదండి.”

“తాడు పట్టినావు కదా బావూ. తొలిరోజుకి సాలు” అని దాలయ్య ముందుకు వెళ్ళిపోయాడు.

శశాంక్ ధైర్యం కూడగట్టుకున్నాడు. “కుసుమా, నువ్వు మానేస్తావేమోనని నాకు మూడు రాత్రులు నిద్ర లేదు. జీతం గురించి కాదు. నువ్వంటే నాకు ఇష్టం.”

ఆమె అతని కాళ్ళ ముందు తడి ఇసుకలో కాలి బొటనవేలితో ‘టి’ అని రాసింది.

“ముందు ట్రైనింగు. మా అయ్య ఒప్పుకునే దాకా ప్రతి ఆదివారం రావాల.”

“మరి నాకు జీతం?”

“తొలిరోజు నుంచే ఇత్తాను” అంటూ బొబ్బలెక్కిన అతని చేతిని తన చేతిలోకి తీసుకుంది.