పడని మందు ఎవరి పేరున

వచ్చిన అమ్మాయి కుర్చీ చూపించినా కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి ఒక్కటే మాట అడిగింది.

"మా పెద్దమ్మని చంపింది నేనేనా? అది కనుక్కుని చెప్పండి, చాలు. నేను కాదని చెప్పమని అడగడం లేదు."

సహాయకుడు కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఈ ఆఫీసుకి వచ్చేవాళ్ళందరూ ఎవరో ఒకరి మీద వేలు చూపిస్తూ వచ్చేవాళ్ళే. తన మీద తనే వేలు చూపించుకుంటూ వచ్చిన మనిషిని అతను చూడటం ఇదే మొదలు.

వీధిలో అందరూ లాయరమ్మ అని పిలిచే ఆ డిటెక్టివు లాయరూ కాదు, లాయరు భార్యా కాదు. ఎవరో ఎప్పుడో అన్నారు, అదే స్థిరపడిపోయింది. ఆమె కూడా సరిదిద్దడం మానేసింది. ఊళ్ళోవాళ్ళ మాట సరిదిద్దని ఈ మనిషి, సహాయకుడు రాసే నోట్సులో మాత్రం ఈకకి ఈక, తోకకి తోక పీకుతుంది. అయినా ఆమె దగ్గర పనిచేయడం కోసం అతను ఇంతకంటే మంచి జీతం వదులుకుని వచ్చాడు. ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

"కూర్చో అమ్మా. మొదటినుంచీ చెప్పు," అంది లాయరమ్మ.

తల్లీతండ్రీ లేని పిల్ల. పెంచింది పెద్దమ్మే. వీధి చివరి క్లినిక్‌లో డాక్టరుగారిని బతిమాలి ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే. పేషెంట్ల పాత కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం ఆ ఉద్యోగం. డేటాబేసు కట్టింది కూడా ఈ అమ్మాయే. పోయిన నెల పెద్దమ్మకి జ్వరం వచ్చింది. డాక్టరుగారు ఇంజెక్షన్ రాశారు. ఆ మందు ఆవిడకి పడదు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

"పెద్దమ్మ పేరు తెరవగానే ఆ మందు స్క్రీను మీద ఎర్రగా కనపడాలి. కనపడలేదన్నారు డాక్టరుగారు. తర్వాత వెతికితే, అది అదే పేరూ అదే ఇంటిపేరూ ఉన్న ఇంకొకావిడ కింద ఉంది. ఆవిడ బట్టలు కుడుతుంది." అమ్మాయి అప్పుడు కుర్చీలో కూర్చుంది. "ఒకరిని ఎంచబోయి ఇంకొకరిని ఎంచానేమో. వందలకొద్దీ కార్డులండీ, గుర్తు తెచ్చుకుందామన్నా రావడం లేదు. ఎక్కించాక ఆ కార్డులు చించేశారు. పెద్దనాన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఆ ఇంట్లో ఉండలేక స్నేహితురాలి గదికి వచ్చేశాను."

మధ్యాహ్నం ముగ్గురూ క్లినిక్‌కి వెళ్ళారు. జనం కూర్చుని కూర్చుని నున్నగా అరిగిన బల్ల, ఆకుపచ్చ తెర, తెర వెనక డాక్టరుగారి గది. ఆయన మేజా మీద కంప్యూటరు స్క్రీను కాస్త పక్కకి తిరిగి ఉంది. దానికి మందుల కంపెనీ కేలెండరు ఒకటి ఆనించి ఉంది. లాయరమ్మ ఆ కేలెండరు తీసి పక్కన పెట్టి, "చూపించు," అంది.

"మూడు పట్టికలండీ. ఒకదాంట్లో మనుషులు, రెండోదాంట్లో మందులు. మూడోది ఈ రెంటినీ కలిపేది. ఎవరికి ఏ మందు పడదో అందులో ఉంటుంది. దాంట్లో పేర్లుండవు, మనిషి నంబరూ మందు నంబరూ, అంతే."

"నంబర్లు ఎవరు వేస్తారు?"

"సాఫ్ట్‌వేరే వేస్తుంది. మనిషిని చేర్చినా, మూడో పట్టికలో లైను చేర్చినా, వరసగా తనే వేసుకుంటుంది. మనం మార్చలేం."

"ముందు పడని మందు రాసుకుని, ఆ మనిషిని తర్వాత చేర్చుకోవచ్చా?"

"కుదరదండీ. ముందు మనిషి ఉండాలి. లేని మనిషి నంబరు వేస్తే ఒప్పుకోదు. నేనే అలా బిగించాను."

"ఈ నంబర్లు వీళ్ళకి కనపడతాయా?"

"లేదండీ, స్క్రీను మీద దాచేశాను. పేర్లుండగా నంబర్లెందుకు, తికమక అన్నారు డాక్టరుగారు."

"మరి ఒకరి మందుని ఇంకొకరి కిందకి మార్చాలంటే?"

"ఈ స్క్రీనులోంచి వీలు కాదు. లోపలి పట్టిక తెరవాలి. దానికి తాళం వెయ్యలేదు." ఆ చివరి మాట తలొంచుకుని చెప్పింది.

లాయరమ్మ రెండు సంగతులు రాసుకోమంది. పడని మందు లైను మూడో పట్టికలో మొదట్లోనే ఉంది, పాత కార్డులు ఎక్కించిన రోజులది. బట్టలు కుట్టే ఆవిడ మనుషుల పట్టికలో దాదాపు చిట్టచివర ఉంది, నంబరు ఆరువందల పన్నెండు. సహాయకుడు రాసుకున్నాడు గానీ తలాతోకా అర్థం కాలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచింది. ముందు కాంపౌండరు వచ్చాడు.

"డాక్టరుగారు చెప్పారు, నేను ఇచ్చాను. ఆ టీవీ చూడటం నా పని కాదమ్మా."

"ఆ పడని మందు ఇప్పుడు ఎవరి కింద ఉంది?"

"ఆ టైలరమ్మ కింద ఉందట."

డాక్టరుగారు ముసలాయన. మనిషి సగమైపోయాడు. "స్క్రీను చూశాను. ఏమీ లేదు," అన్నాడు. మందు ఇప్పుడు ఎవరి కింద ఉందన్న ప్రశ్నకి, "అదే పేరున్న కుట్టుపనావిడ కింద," అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్ళు మేజా మీదనుంచి లేవలేదు.

డాక్టరుగారి కూతురు ముందు గదిలో పేర్లు రాసుకుంటుంది. ఆమె మాత్రం గడగడా జవాబులు చెప్పింది. "పాపం, ఆ అమ్మాయి కావాలని చేసిందని నేననను. కంగారు. అది వెళ్ళి ఆ ఆరువందల పన్నెండో ఆవిడకి పడింది."

లాయరమ్మ కలం మూత పెట్టేసింది.

మర్నాడు పేషెంట్లు వెళ్ళిపోయాక అందరూ డాక్టరుగారి గదిలో కూర్చున్నారు. అమ్మాయి పెద్దనాన్నని కూడా లాయరమ్మ పిలిపించింది. ఆయన గోడవారగా, అమ్మాయికి దూరంగా కూర్చున్నాడు. గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

"పొరపాటు జరిగిందన్నారు," అని మొదలుపెట్టింది లాయరమ్మ. "ఇద్దరిదీ ఒకే పేరు కాబట్టి ఒకరి బదులు ఇంకొకరిని ఎంచిందన్నారు. ఎంచాలంటే ఇద్దరూ ఉండాలి కదా. ఆ మందు లైను పాత కార్డుల నాటిది. కుట్టుపనావిడ ఈ వీధికి వచ్చిందే ఆ తర్వాత, అందుకే వరసగా పడే నంబర్లలో ఆవిడది చిట్టచివర ఉంది. ఆ లైను రాసిన రోజున ఈ పట్టికలో ఆ పేరున్న మనిషి ఒక్కతే, ఈ అమ్మాయి పెద్దమ్మ. లేని మనిషి కింద మందు రాయబోతే ఆ సాఫ్ట్‌వేరు ఒప్పుకోదు. అంటే లైను సరైన మనిషి కిందే పడింది. దాన్ని తర్వాత ఎవరో మార్చారు."

లాయరమ్మ సహాయకుడి నోట్సు అందుకుని పేజీ తిప్పింది.

"మార్చాలంటే లోపలి పట్టిక తెరవాలి. అక్కడ పేర్లుండవు, నంబర్లే. టైలరమ్మ అన్నారొకరు, కుట్టుపనావిడ అన్నారొకరు. నంబరు చెప్పింది మాత్రం ఒక్కరే. స్క్రీను మీద కనపడని నంబరు నీకెలా తెలిసిందమ్మా?"

సహాయకుడికి అప్పుడు వెలిగింది. తన చేత్తోనే రాసుకున్న మాట, తనకే కనపడలేదు. ఈమె దగ్గర ఇంకెన్నేళ్ళున్నా తనకి ఆ చూపు రాదని అనుకున్నాడు. అందుకు బాధేమీ కలగలేదు.

డాక్టరుగారి కూతురు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళాక వచ్చి చూశాను. ఎర్రగా కనపడుతూనే ఉంది. నాన్నగారేమో చూశానంటున్నారు. ఆయన పేరు పోతుందని ఆ మందుని నేనే ఆవిడ నంబరు కిందకి మార్చాను."

డాక్టరుగారు కూతురి వైపు చాలాసేపు చూశాడు. ఆ సంగతి ఆయనకి తెలియదని ఆ చూపే చెప్పింది. "నేను చూడలేదు," అన్నాడు చివరికి. "బయట జనం ఉన్నారు. ఆ స్క్రీను నేనెప్పుడూ చూడలేదు. నలభై ఏళ్ళ డాక్టరుని, నాకు అది చెప్పేదేమిటనుకున్నాను. చూశానని అబద్ధం చెప్పాను."

"ఈ మాటే రేపు పోలీసులకి చెప్పండి, మీరిద్దరూ," అంది లాయరమ్మ. తర్వాత అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వడిగిన దానికి జవాబు, కాదు. నువ్వు సరిగ్గానే రాశావు."

గోడవార కూర్చున్న పెద్దనాన్న లేచాడు.

"ఆ మందు దానికి పడదని నాకూ తెలుసు," అన్నాడు. "ఆ రోజు బయట బల్ల మీదే కూర్చున్నాను. లోపలికి వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. అంతా కంప్యూటర్లో ఉంది, మా అమ్మాయే కట్టింది, మనం చెప్పేదేముందని ఊరుకున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళకి గొప్పగా చెప్పుకుంటున్నాను కూడా. తర్వాత వీళ్ళు తప్పు నీదే అన్నారు. అప్పుడు కూడా నోరు మెదపలేదు. నీ మీద కోపం కాదమ్మా. నీ మొహం చూసే ధైర్యం లేక."

అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని, అందరి ముందూ, పెద్దమ్మా పెద్దమ్మా అని ఏడ్చింది. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల తన తప్పు గురించి కుమిలిందే గానీ, తల్లి పోయిన కూతురిలా ఏడ్చింది లేదు. ఆ ఏడుపు సహాయకుడు వినలేకపోయాడు. కాగితాలు సర్దుకోవడం మానేసి కిటికీ వైపు తిరిగాడు.

కాసేపటికి పెద్దనాన్న కండువాతో ఆమె మొహం తుడిచాడు. "పద, ఇంటికెళ్దాం," అన్నాడు. ఆమె లేచి ఆయన వెంట నడిచింది.