ముప్పై రెండు నిమిషాల తేడా

2094 నాటికి భూకంపం కబురు వాన కబురంత మామూలైపోయింది. ఆ ఉదయం ఒంగోలు శిలానగర్ కాలనీలో ప్రతి ఇంటి గోడా పలికింది: "పది ఇరవైకి పెద్ద కంపం. అందరూ మైదానానికి రండి."

ఆ గొంతు భూశ్రవణిది. ఖండాలు కదులుతాయంటే పండితులే నవ్విన కాలం ఒకటుండేది. తర్వాత ఉపగ్రహాలు ఆ కదలికను మిల్లీమీటర్లలో కొలిచాయి. ఇప్పుడు భూశ్రవణి నాలుగు కిలోమీటర్ల లోతున పాతిన సెన్సర్లతో రాతి పగుళ్ల చప్పుడు విని, కంపం వచ్చే నిమిషం కూడా చెబుతుంది. దాన్ని తయారుచేసిన డాక్టర్ నీలవేణి ఈ కాలనీ మనిషే.

పదింటికి మైదానంలో సగం మందే ఉన్నారు. తల్లి పోయాక నీలవేణిని పెంచిన పిన్ని సక్కుబాయమ్మ జాడ లేదు. నీలవేణి కంగారుగా ఫోన్ చేసింది.

"పప్పు కుక్కర్లో ఉందే. ఇంకో రెండు విజిల్స్ రానీ."

"పిన్నీ, నీకు దణ్ణం పెడతా, స్టవ్ కట్టేసి రా!"

పది ఇరవై అయింది. నేల ఉలకలేదు, పలకలేదు. పదిన్నర దాటింది. నీలవేణికి తల కొట్టేసినట్టయింది.

అప్పుడు తెరుచుకున్నాయి తలుపులు. ప్రాణం కాపాడుకోవడానికి రానివాళ్లంతా తిట్టడానికి వచ్చారు. అందరికంటే ముందు పిన్ని, చేతిలో గరిటెతో.

"పొద్దున్నే ఊరంతా హడలగొట్టావు గదే! నీ మిషను కంటే మా గోడమీద బల్లి నయం."

నీలవేణి నోరు తెరిచేలోగా నేల ఊగింది. అప్పుడు పది యాభై రెండు. కళ్లముందే ఇళ్లు వరసగా కూలాయి. దుమ్ము తగ్గాక తలలు లెక్కపెట్టారు. నాలుగు వందల పన్నెండు మందీ ఉన్నారు. నీలవేణి పిన్నిని వాటేసుకుని ఏడ్చింది. గరిటె గుచ్చుకుంటున్నా వదల్లేదు.

కాస్త తేరుకున్నాక మణికట్టు మీది తెరను అడిగింది. "ముప్పై రెండు నిమిషాలు ఎలా పొరబడ్డావు?"

"పొరబడలేదు," అంది భూశ్రవణి. "ఆలస్యంగా వచ్చే చుట్టాలకు మీరు ముహూర్తం ముందుగానే చెబుతారుగా. నేనూ అదే చేశాను. భయపడి సగం మందే వస్తారని పోయినసారి చూశాను. మిగతావాళ్లు ఎదుటివాళ్ల తప్పు ఎత్తిచూపడానికైతే పరుగున వస్తారు."

నీలవేణికి నవ్వు ఆగలేదు. గుండె మీది బరువంతా దిగిపోయింది. కానీ నివేదికలో ఈ నిజం రాస్తే వచ్చేసారి ఎవరు కదులుతారు? ఇరవై ఏళ్లుగా ఒక్క అంకె తప్పు రాయని మనిషి, క్షణం ఆలోచించి, "శాస్త్రవేత్త లెక్కలో పొరపాటు" అని రాసి సంతకం చేసింది.

భుజం మీదుగా తొంగిచూసిన సక్కుబాయమ్మ తృప్తిగా తల పంకించింది.

"చూశావా, నే చెప్పలా?"