మూసేసిన సందు

నేను ఆర్కిటెక్ట్‌ని. న్యూజెర్సీలో ఒక పాత ఊరి నడిబొడ్డున కృష్ణమోహన్‌గారి రెస్టారెంట్‌కి ప్లాన్ గీశాను. అక్కడి స్థలాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. కొత్తగా కట్టినా ఆ పాత హద్దులు అలాగే కనిపించాలని రూలు. ఆయన కొన్న రెండు స్థలాల మధ్య, మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టని సందు ఉండేది. ఒకప్పుడు మరుగుదొడ్ల బక్కెట్లు మోసుకెళ్ళిన దారట. దాన్ని అలాగే ఖాళీగా వదిలేద్దామన్నాను.

“సందు వదిలేస్తే కిచెన్ ఆగ్నేయంలోకి రాదండీ. మా ఆవిడ నమ్రత ఒప్పుకోదు. ఏదో ఒకటి అడ్జస్ట్ చేయండి,” అన్నారాయన.

చేశాను. వీధిలోంచి చూస్తే రెండు ఇళ్ళు, మధ్యలో చీకటి సందు. నిజానికది నల్లరంగు వేసిన పలక. దాని వెనక సందూ లేదు, పాత గోడలూ లేవు, అంతా వంటగదే. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఓపెనింగ్ రోజు పొద్దున్నే పూజ. కృష్ణమోహన్‌గారు పూలకోసం ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్‌కి వెళ్ళారు. నమ్రతగారు పాలు పొంగిస్తుంటే నేను వంటగది గుమ్మంలో నిలబడ్డాను. ముందు వాసన వచ్చింది... మురిగిన నీళ్ళు, తడిసిన జుట్టు, మలం. ఛీ!

పాలు పొంగి నేలమీద పడ్డాయి. పరుచుకోలేదు. రెండు తిన్నని గీతలుగా సాగి, సరిగ్గా ఆ సందు హద్దుల మీదే విరిగిపోయాయి. విరిగిన పాలలో వెంట్రుకలు. నమ్రతగారు ఆ గీతల మధ్యే ఉన్నారు.

“స్మృతిగారూ...” అన్నారావిడ నావైపు చూసి. “ఎవరో నన్ను ఆనుకుని నిలబడ్డారు.”

“ఇటు వచ్చేయండి!”

“రెండు పక్కలా ఉన్నారండీ... జరగమంటున్నారు.”

ఆమె భుజాలు లోపలికి ముడుచుకున్నాయి. ఇంకా... ఇంకా. ఎముకలు పటపటమన్నాయి. ఊపిరి అందడం లేదు. నేను గీత దాటి చెయ్యి చాపాను. చల్లటి, జిడ్డు చర్మమేదో నా భుజానికి రెండువైపులా రాసుకుంది. కళ్ళు మూసుకుని ఆమెని లాగేశాను.

నమ్రతగారు బతికారు. వంటగది మూసేసి, సందు మళ్ళీ తెరిపించాం. పీడ వదిలిందనుకున్నాను.

నిన్న ఎడిసన్‌లో, మా ఇంటి హాల్లోంచి నడుస్తుంటే మా ఆయన దివాకర్ నవ్వాడు. “హాలంతా ఖాళీయేగా, అలా పక్కకి తిరిగి నడుస్తావేంటి?”

నేనసలు గమనించనే లేదు. అప్పుడే ఉతికి వేసుకున్న చొక్కా చూసుకున్నాను. ముందూ వెనకా జిడ్డు మరకలు. వాటికి అంటుకుని, పొడుగాటి తెల్ల వెంట్రుకలు...