తుడిచేసిన కథలు

మధ్యాహ్నం మూడింటికే ముసురు పట్టి గదుల్లో వెలుతురు తగ్గింది. ముందు గదిలో టైలరు కుట్టుమిషను టకటకా నడుస్తోంది. వెనక గదిలో కంప్యూటర్ డాక్టరు స్క్రూడ్రైవరు పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. డాక్టరంటే పెద్ద చదువేం కాదు, వీధిలో వాళ్ళు పెట్టిన పేరు. మొరాయించిన పెట్టె ఏదైనా అతని చెయ్యి పడితే దారికొస్తుందని వాళ్ళ నమ్మకం. ఈ ఒక్క ఇంట్లో మాత్రం ఆ నమ్మకం అతనికి ముల్లులా గుచ్చుకునేది.

"ఆన్ చేస్తే మూడు బీప్‌లు కొట్టి ఆగిపోతోంది తమ్ముడూ. నువ్వు చూస్తేనే కుదురుతుంది" అని ఇందాకే చెప్పి టైలరు పనిలోకి వెళ్ళిపోయాడు.

"నేనున్నాగా అన్నయ్యా" అన్నాడు గానీ, ఆ మాటకి తనకే సిగ్గేసింది.

ఎనిమిది నెలల క్రితం ఇదే పెట్టె రిపేరుకని అతని కొట్టుకి వచ్చింది. టైలరు భార్యకి గొంతు ఆపరేషను దగ్గరపడిన రోజులు. ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెప్పేస్తే, ఆవిడ కూతురి కోసం అరవై కథలు చెప్పి ఈ కంప్యూటర్లో దాచిపెట్టింది. "కథలు జాగ్రత్త మరిదీ" అని మరీ మరీ చెప్పి పంపింది. ఆ రోజు కొట్లో తొమ్మిది పెట్టెలు పడున్నాయి. దీంట్లో రెండు డిస్కులు. ఏది ఏదో చూసుకోకుండా, ఖాళీది అనుకుని కథలున్నదాన్ని తుడిచేశాడు. ఉన్నదంతా తుడిచేయాలా అని తెర మీద అడిగింది కూడా. చదవకుండానే అవునని నొక్కాడు.

తప్పు తనదేనని తెలిసింది. నోరు మాత్రం ఇంకోటి చెప్పింది. "డిస్కు ముందే చచ్చిపోయింది వదినా." అప్పటికి ఆపరేషను అయిపోయింది. ఆవిడ పలక మీద ఏదో రాయబోయి, మానేసి, అతని వంక చూసింది. రెండు నెలలకి ఆవిడ పోయింది. ఆ చూపు పోలేదు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఇవాళ చెప్పేయాలనే వచ్చాడు. 'అన్నయ్యా, తప్పు నాది' అని దారిలో నాలుగుసార్లు అనుకుని చూసుకున్నాడు కూడా. ముందు పని కానిద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాడు. మాట వాయిదా వెయ్యడంలో అతని తర్వాతే ఎవరైనా.

మూత తీశాడు. దుమ్ము వాసన... దాని వెనకాలే ఆసుపత్రి మందుల వాసన సన్నగా. మెమరీ కార్డు పీకి, దాని పసుపు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాడు. నూటికి తొంభై పెట్టెలు ఈ చిట్కాకే లేస్తాయి. ఇది లేవలేదు. లోపం ఎక్కడుందో తేల్చుకుందామని డిస్కులు రెండూ ఊడదీసి మోకాలి పక్కన పెట్టుకున్నాడు. మళ్ళీ ఆన్ చేశాడు.

ఈసారి బీప్‌లు లేవు. తెర నల్లగానే ఉంది. స్పీకరులోంచి ఎవరో గాలి పీల్చుకున్న చప్పుడు...

"అనగనగా ఒక ఊళ్ళో ఒక డాక్టరు."

వదిన గొంతు. ఆపరేషనుకి ముందు గొంతు.

అతని చేతిలోంచి స్క్రూడ్రైవరు జారింది. గొంతు ఆగింది. దేనికోసమో ఎదురుచూస్తోంది.

"ఊ" అని వినిపించింది గుమ్మంలోంచి. టైలరు కూతురు. ఏడేళ్ళ పిల్ల, ఎప్పుడొచ్చి నిలబడిందో. "ఊ కొట్టాలి బాబాయ్" అంది గుసగుసగా. "కొట్టకపోతే అమ్మ చెప్పదు."

"ఆ డాక్టరుకి ఎప్పుడూ తొందరే."

"ఊ."

"ఒకరోజు చూసుకోకుండా ఒక తల్లి కథలన్నీ తుడిచేశాడు."

"ఊ..."

"పైగా అబద్ధం చెప్పాడు."

పాప ఊ కొట్టలేదు. అతని వంక చూసింది. అచ్చం వాళ్ళమ్మ చూపు.

అతను ప్లగ్గు పీకేశాడు. పెట్టెలో ఫ్యాను ఆగింది. స్పీకరులో ఊపిరి మాత్రం ఆగలేదు. నెమ్మదిగా... ఓపిగ్గా...

ముందు గదిలో కుట్టుమిషను ఆగింది. మెడలో టేపుతో టైలరు వచ్చి కూతురి వెనక నిలబడ్డాడు.

"ఏమైంది తమ్ముడూ? ఆ చెమటలేంటి?"

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు. ఆ సంగతి అతనికి తెలుసు. రెండు చేతులూ జోడించాడు. అన్నయ్యా, తప్పు నాది... మాటలు నాలుక చివరిదాకా వచ్చేశాయి. నోరు తెరిచాడు.

"ఊ" అన్నాడు.

ఉలిక్కిపడ్డాడు. గొంతు సవరించుకుని, బలమంతా తెచ్చుకుని మళ్ళీ ప్రయత్నించాడు.

"ఊ."

"ఏంటయ్యా, ఊ అంటావేంటి?" అని టైలరు నవ్వబోయాడు.

కరెంటు లేని పెట్టెలోంచి మళ్ళీ గాలి పీల్చిన చప్పుడు.

"ఆ డాక్టరుకీ ఒక కూతురుంది."

టైలరు ముఖంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. పదేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు అది. ఇంట్లో ఉన్న తన కూతురు కళ్ళ ముందు మెదిలి, డాక్టరు రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. ఇక ఊ కొట్టేవాళ్ళు లేరు. కథ ఇక్కడితో ఆగిపోవాలి... ఆగిపోవాలి...

పాప అతని కళ్ళలోకే చూస్తూ, "ఊ" అంది.