పీచెస్‌కి రెండో మనిషి

నెల్డా తన మొదటి పెద్ద పామును ఎంచుకోవడానికి నలభై నిమిషాలు తీసుకుంది. అందులో ముప్పై నిమిషాలు ఓటిస్ ఆమెకి వద్దని చెప్పడానికే సరిపోయాయి.

ఏటా ఫిబ్రవరిలో కౌంటీ మైదానంలోని పశువుల వేలం షెడ్డులో పాముల ప్రదర్శన పెడతారు. బల్లల మీద వరసగా ప్లాస్టిక్ డబ్బాలు, వాటి మధ్య నుంచి పిల్లల్ని భుజానెత్తుకుని నడిచే తండ్రులు, పాప్‌కార్న్ వాసనలో కలిసిపోయిన, డబ్బాల్లో పరిచిన తడి బెరడు వాసన. ఇరవయ్యారేళ్ళు స్కూలు బస్సు నడిపి పోయిన వేసవిలో రిటైరైన నెల్డాకి ఇవేవీ కొత్త కావు. ఇంట్లో రెండు చిన్న పాములున్నాయి. జేబులో పట్టే పాములతో ఇక విసుగెత్తింది, అంతే.

ఓటిస్ ముప్పై ఏళ్ళుగా కొండచిలువలు పెంచి అమ్ముతున్నవాడు. ఎడమ బొటనవేలు సగమే ఉంటుంది. ఆ మిగతా సగం సంగతి ఎవరూ అడగరు. మొదటిసారి పెద్దది తీసుకునేవాళ్ళకి పాము ఐదడుగులు దాటకూడదని, తిండికి పేచీ పెట్టనిదై ఉండాలని, నోరు తెరిపించి చూడాలని, చెయ్యి పెడితే బుస కొట్టనిదే తీసుకోవాలని వరసగా చెప్పుకొచ్చాడు. నెల్డా అన్నిటికీ తలూపింది. ఆమె కళ్ళు మాత్రం అతని వెనకున్న చివరి పెట్టె మీదే ఉన్నాయి.

అందులో పసుపూ తెలుపూ కలిసిన ఆడ కొండచిలువ ఉంది. పేరు పీచెస్. పదకొండడుగులు. చెయ్యి చాపితే ఒకసారి నాలుక ఆడించి, మోచేతి మీదుగా పాకి, నలభై పౌన్ల బరువూ నెల్డా భుజం మీద వేసి ఊరుకుంది. తన భుజం మీద ఎవరైనా అలా ఆనుకుని ఎన్నేళ్ళయిందో నెల్డాకి గుర్తు లేదు. ఏడుపొచ్చినంత పనైంది.

"ఇదే కావాలి," అంది.

ఓటిస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడమ్మా, పదడుగులు దాటినదాని పెట్టె ఒంటరిగా ఉన్నప్పుడు తెరవకూడదు. ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు తోక. చుట్టుకుందంటే తోక నుంచే విప్పుకుంటూ రావాలి. మన ఒంటికి చుట్టుకున్నదాని తోక మనకి అందదు. మీ ఇంట్లో రెండో మనిషెవరు?"

నెల్డా పెళ్ళి చేసుకోలేదు. ఉన్నది ఒక్కతే. ఆ మాట చెప్తే పాము దక్కదు.

"ఆర్లో," అంది రెప్ప వేయకుండా.

ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలీదు. వాళ్ళ ఇంటా వంటా ఆర్లో అనేవాడు లేడు. బస్సెక్కిన పిల్లల్లోనూ లేడు. ఓటిస్ కాగితం మీద ఆ పేరు రాసుకుని, ఆయన సంతకం కూడా కావాలన్నాడు. మోకాళ్ళ నొప్పులని ట్రక్కులోనే కూర్చున్నాడంది నెల్డా. ఓటిస్ ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు.

"సరే, ఆయనకి చెప్పండి. ఒకసారి తోక పట్టాక మధ్యలో వదిలేసి పోకూడదు," అన్నాడు.

ఆ రాత్రి చెల్లెలు మోరీన్ ఫోన్ చేసింది. అక్టోబరులో నెల్డా నిచ్చెన మీంచి పడి, నాలుగు గంటలు పెరట్లో లేవలేకుండా ఉండిపోయింది. ఒంటరిగా ఉండగా ఇంకొక్కటంటే ఒక్కటి జరిగినా ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యాలని మోరీన్ ఆసుపత్రి మంచం దగ్గరే మాట తీసుకుంది. మందుల మత్తులో నెల్డా ఊ కొట్టింది. ఇప్పుడు పాము సంగతి విని మోరీన్ అరగంట దులిపేసింది. నెల్డా ఫోన్ బల్ల మీద పెట్టి గిన్నెలు కడుక్కుంది.

మూడు వారాలు హాయిగా గడిచాయి. పెట్టెకి రెండు గొళ్ళేలున్నాయి. పైది అందుకోవడం కష్టమని నెల్డా కిందిదే వేసి వదిలేసేది. పొద్దున చూస్తే రెండూ వేసి ఉండేవి. మతిమరుపు మొదలైందని మోరీన్‌కి తెలిస్తే ఇంకేముంది... అందుకని నెల్డా ఆ సంగతి తనకి తాను కూడా చెప్పుకోలేదు.

మార్చి మొదటి గురువారం మంచు వాన మొదలైంది. చెట్ల కొమ్మలు ఒక్కొక్కటే విరుగుతున్న చప్పుడు. సాయంత్రం నాలుగింటికి కరెంటు పోయింది. ఆరున్నరయ్యేసరికి ఇంట్లో చీకటి పడింది. పెట్టెలో వేడి దీపం ఆరిపోయింది. ఇంకో రెండు గంటలు ఇలాగే ఉంటే పీచెస్‌కి జబ్బు చేస్తుంది.

నెల్డా గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచి సోడా సీసాల్లో పోసింది. పెట్టెలో పెట్టాలంటే వాటికి ఏదైనా చుట్టాలి. సింకు పక్కన తువ్వాలు చేతికి తగిలింది. దానితోనే చుట్టింది. మధ్యాహ్నం పీచెస్ మేతకని ఫ్రీజర్లోంచి తీసిన కుందేలును తుడిచింది ఆ తువ్వాలుతోనేనన్న సంగతి చీకట్లో గుర్తు రాలేదు. పాములు పెంచేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. వెచ్చగా ఉండి, కుందేలు వాసన కొట్టే మూట ఒకటి చేతిలో పట్టుకుని ఆమె ఆకలిగా ఉన్న కొండచిలువ పెట్టె తెరిచింది.

ఏమీ కనబడలేదు. మణికట్టు మీద దెబ్బ తగిలింది. తర్వాత మంట. సీసా కింద పడి దొర్లింది.

లాగకూడదని తెలుసు. లాగలేదు. రెండో చేత్తో తల వెనక పట్టుకుంది. అప్పటికే పీచెస్ మోచేతిని చుట్టింది. తర్వాత భుజం... తర్వాత ఛాతీ. నెల్డా మోకాళ్ళ మీద కూలబడింది. ఊపిరి వదిలిన ప్రతిసారీ చుట్టు ఇంకాస్త బిగిసింది. మెడ మీద చల్లగా ఏదో జారింది... ఆగింది... బిగిసింది.

తోక ఎక్కడో వెనక నేలని కొడుతోంది. అందదు.

చచ్చిపోతానని అనిపించింది. దానికి భయం వేసింది కూడా. కానీ ఈ ఆదివారం వస్తానన్న మోరీన్ వచ్చి, తనని ఇలా చూసి, నే చెప్పలేదా అంటుంది. అది తలుచుకోగానే నెల్డాకి పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే పాము తలను వదలకుండా పట్టుకుంది. చెవుల్లో హోరు. కళ్ళ ముందు మిణుగురులు.

తోక నేలని కొట్టడం ఆగింది.

ఎవరో దాన్ని ఎత్తారు.

తడిసిన ఉన్ని కోటు వాసన వచ్చింది. వెనక నేల చెక్క కిర్రుమంది. మెడ మీది చుట్టు వదులైంది... ఊడింది. ఒక ఊపిరి. ఛాతీ మీది చుట్టు. ఇంకో ఊపిరి. తొందర లేదు. తెలిసినవాళ్ళు విప్పినట్టు, తోక నుంచి, ఒక్కొక్క చుట్టే. చెవి పక్కనే గుసగుస వినిపించింది.

"తల వదలొద్దు..."

నెల్డా వదల్లేదు. మణికట్టులో దిగిన పళ్ళు ఊడదీసుకుని తలను పెట్టెలోకి తోసింది. మిగతా పదడుగులూ నేలని తాకకుండా దాని వెనకే లోపలికి వెళ్ళాయి. తలుపు మూసుకుంది. కింది గొళ్ళెం పడింది. కాసేపటికి పైదీ పడింది. నెల్డా చేతులు అప్పుడు రెండూ నేల మీదే ఉన్నాయి.

చాలాసేపు అలాగే పడి ఉంది. బయట మంచు వాన. గదిలో ఎవరిదో ఊపిరి... తనది కానిది. అరవై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి నెల్డా.

"ఎవరివైనా సరే, విను," అంది చీకట్లోకి. "ఈ ఇల్లు నాది. పాము నాది. నువ్వుంటావో పోతావో నీ ఇష్టం. ఉంటే మాత్రం తోక వైపే ఉండాలి. తల నాది."

మూలనున్న కుర్చీలో ఎవరో కూర్చున్నట్టు చప్పుడైంది. నెల్డా సీసాలకి శుభ్రమైన తువ్వాళ్ళు చుట్టి, గొళ్ళేలు మళ్ళీ తీసి, ఈసారి సరిగ్గా పెట్టింది.

శనివారం కరెంటు వచ్చింది. ఆదివారం మోరీన్ వచ్చింది, మాంసం వంటకం పళ్ళెంతో. ఇంట్లోనూ మెడకి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న అక్కని చూసి, ఒక్క మాట అడక్కుండా దాన్ని లాగేసింది. మెడ చుట్టూ నల్లగా కమిలిన పట్టీ. మణికట్టు మీద పంటి గాట్లు.

పాముని ఇవాళే ఓటిస్‌కి తిరిగిచ్చేస్తున్నామంది. రేపే ఇంటి బ్రోకరుకి ఫోన్ చేస్తానంది. మాటిచ్చావు కదా అంది. నెల్డా కాఫీ పోసుకుంటూ అంతా విన్నది.

"ఒంటరిగా ఉండి ఏదైనా జరిగితే వస్తానన్నాను," అంది చివరికి. "నేను ఒంటరిగా లేను."

"ఎవరున్నారే అక్కా నీతో?"

"ఆర్లో."

మోరీన్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈ వయసులో మగాణ్ణి ఇంట్లో పెట్టుకున్నావా? ఎక్కడున్నాడు ఆ మహానుభావుడు? పిలువు, నేనూ చూస్తాను."

"పాము గదిలో ఉంటాడు. పిలిస్తే పలకడు. వెళ్ళి చూసుకో."

మోరీన్ బూట్లు టకటకలాడించుకుంటూ నడవాలోకి వెళ్ళింది. నెల్డా కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. అక్కడేం కనబడుతుంది? ఈ మూడు రోజుల్లో తనకే ఏమీ కనబడలేదు. ఇప్పుడు మోరీన్ తిరిగొచ్చి వెక్కిరిస్తుంది. వెక్కిరించనీ. ఈ ఇంట్లోంచి తనని కదిలించాలంటే తలుపుతో సహా పెకలించుకుపోవాలి.

తలుపు తెరుచుకుంది. బూట్ల చప్పుడు రెండడుగులు వినిపించి ఆగింది.

తర్వాత ఏమీ లేదు. గడియారం చప్పుడు మాత్రమే. నెల్డా కాఫీ సగం తాగింది.

మోరీన్ వెనక్కి వచ్చింది. వచ్చేటప్పుడు బూట్లు చేతిలో ఉన్నాయి, మేజోళ్ళతో నడుస్తోంది. తలుపు చప్పుడు కాకుండా మూసింది. ఇంటి మాట ఎత్తలేదు, పాము మాట ఎత్తలేదు. అక్క పక్కన కుర్చీలో కూర్చుని, ముఖం ఆమె చెవి దగ్గరికి తెచ్చింది.

"అక్కా..." అంది గుసగుసగా. "వాళ్ళల్లో ఆర్లో ఎవరు?"